హనుమంతప్పకు నవ్వని జడ్జి కావాలి

"లాయరమ్మా, మీ కోర్టులో అస్సలు నవ్వని జడ్జి ఎవరన్నా ఉండాడా?"

హనుమంతప్ప నా ఆఫీసులోకి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే అడిగిన మాట ఇది. అనంతపురంలో నేను వకీలుగా బోర్డు పెట్టినప్పటి నుంచి రకరకాల మనుషులు వచ్చారు. మెత్తటి జడ్జి కావాలన్నవాళ్ళున్నారు. తమ కులం జడ్జి కావాలన్నవాళ్ళున్నారు. అన్నం వేళ లోపలే తీర్పు చెప్పేసే జడ్జి కావాలన్నవాళ్ళూ ఉన్నారు. నవ్వని జడ్జిని కోరుకున్న మనిషిని మాత్రం అప్పుడే చూశాను. నాకు అసలే ఓపిక తక్కువ. పైగా ఆ పూట కరెంటు లేదు.

"జడ్జి నవ్వితే నీకేం, ఏడిస్తే నీకేం అన్నా? ముందు కేసు ఏందో చెప్పు" అన్నాను.

అప్పుడు కూర్చున్నాడు. కూర్చోవడమే ఒక పెద్ద కార్యక్రమం. కుడి మోకాలు వంగదు, ఎడమ మోకాలు నిలవదు. రెండింటినీ బుజ్జగించి కుర్చీలోకి దింపడానికి నా టేబులు, గోడ, నా గుమాస్తా భుజం, అన్నీ అవసరమయ్యాయి.

హనుమంతప్పది రాయదుర్గం దగ్గర, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక పల్లె. చిన్నప్పటి నుంచి గొర్రెలే లోకం. గొర్రెల వెంట తిరిగేవాడికి మాట్లాడే మనిషి దొరకడు కాబట్టి, దొరికిన మనిషిని హనుమంతప్ప ఊరికే వదిలేవాడు కాదు. పోయిన ఎన్నికల్లో ప్రచారానికి వచ్చిన జీపులు దారి తప్పి ఈయన్ని అడిగాయి. ఈయన శ్రద్ధగా చెయ్యి చాపి, వాళ్ళను కర్ణాటకలోని ఊరికి పంపించాడు. ఆ నాయకుడు అక్కడ గొంతు పోయేదాకా ప్రసంగించి, కన్నడంలో జేజేలు కొట్టించుకుని, దండ కూడా వేయించుకున్నాడు. ఓట్లు మాత్రం అక్కడ లేవని సాయంత్రానికి తెలిసింది. అప్పటి నుంచి హనుమంతప్ప "మోడం పట్టింది, వాన వస్తాది" అన్నా ఊళ్ళో ఎవరూ కళ్ళంలో ఆరబోసిన వేరుశనగ కాయలు ఎత్తరు. బయటికొచ్చి, స్వయంగా తల తడిస్తేనే నమ్ముతారు.

అలాంటి మనిషి ఒక రోజు గుట్ట మీద పొట్టేలు వెంటపడి బండ మీద జారాడు. కుడి మోకాలి లోపల ఏదో చిరిగింది. అనంతపురంలో ఒక పెద్ద ఆసుపత్రి. పేరు రాయను, రాస్తే రేపు నేనే ఇంకో లాయరును వెతుక్కోవాలి. అక్కడ దివాకర్ అనే ఎముకల డాక్టరు చూసి ఆపరేషన్ చేయాలన్నాడు.

మత్తు నడుముకు ఇచ్చారు. అంటే కాళ్ళు మొద్దుబారాయి గానీ మనిషికి మెలకువగానే ఉంది. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. గుడ్డకు ఇవతల హనుమంతప్ప జీపుల కథ చెప్తున్నాడు. అవతల డాక్టరు దివాకర్ మోకాలు కోస్తున్నాడు. కథకు థియేటర్లో అందరూ కడుపుబ్బ నవ్వారట. నవ్వుతూ నవ్వుతూ కోసింది ఎడమ మోకాలు.

మత్తు దిగాక కట్టు చూసుకుని హనుమంతప్ప నర్సుతో అన్నాడట, "సిస్టరమ్మా, కోసింది ఒక కాలు, కట్టు కట్టింది ఇంగో కాలు. విప్పి ఇటుపక్క కట్టమ్మా." సువార్త అనే ఆ నర్సు నవ్వింది. నవ్వుతూనే కుడి కాలి మీది దుప్పటి తీసి చూసింది. తర్వాత నవ్వలేదు, పరుగెత్తింది.

డాక్టరు వచ్చి గొంతు సవరించుకుని, ఎడమ మోకాలు కూడా అరిగి ఉందనీ, అందుకని ముందు దాన్ని శుభ్రం చేశామనీ చెప్పాడు.

"నా ఇల్లు కాలుతాంటే పక్కింట్లో కసువు ఊడ్చినారన్న మాట" అన్నాడు హనుమంతప్ప.

ఇదంతా విన్నాక నాకు చేతులు దురద పెట్టాయి. ఇంత తేటగా ఉన్న కేసు వకీలుకు ఊరికే దొరకదు. వినియోగదారుల కమిషన్‌లో వేద్దాం, ఆసుపత్రిని నిలబెట్టి అడుగుదాం అని లెక్చరు ఇచ్చాను. హనుమంతప్ప అంతా విని, "అదంతా మీ ఇష్టమమ్మా. నాకి కావాల్సింది ఒగటే. మా ఇంటిదానికి, తప్పు నీది కాదు అని జడ్జి ఒక మాట చెప్పాల. నవ్వకుండా చెప్పాల" అన్నాడు.

"కోసింది డాక్టరు. మధ్యలో మీ ఆవిడ తప్పేంటి?"

"ఆడోళ్ళు ఏందేందో అనుకుంటారులేమ్మా" అని దాటేశాడు. నేనూ వదిలేశాను. కేసు వేసేశాను.

తర్వాత కొన్నాళ్ళకు కోర్టు క్యాంటీన్‌లో ఉగ్గాని తింటుంటే ఆసుపత్రి తరఫు లాయరు శ్రీకాంత్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆ మనిషి మొహంలో తీపి కనిపిస్తే నాకు భయం.

"వనజాక్షి మేడమ్, మీ క్లయింటు ఎడమ మోకాలికి బొట్టు పెట్టుకుని వచ్చిన సంగతి మీకు చెప్పలేదా?"

"ఏం బొట్టు?"

"కుంకుమ బొట్టు మేడమ్. అరచేయంత. ఆపరేషన్ చేయాల్సిన కాలికి గుర్తు పెట్టడం మా వాళ్ళ పద్ధతి. ఆయనే తప్పు కాలికి గుర్తు పెట్టుకుని వచ్చి, ఇప్పుడు మా మీద పడితే ఎట్ల?" అని నా ప్లేటులోంచి ఒక మిరపకాయ బజ్జీ తీసుకుని పోయాడు.

బజ్జీ పోయినందుకు కాదు, నా క్లయింటు నాకే దాచినందుకు ఒళ్ళు మండింది. మరుసటి రోజే రాయదుర్గం బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో ఆ పల్లెకు పోతే, ఊరి బయటే హనుమంతప్ప కనిపించాడు. గొర్రెలు ముందు, టీవీఎస్ బండి మీద ఈయన వెనక. నడవలేడు కాబట్టి గొర్రెలకు హారన్ నేర్పించాడు. ఒకసారి కొడితే నడవాలి, రెండుసార్లు కొడితే ఆగాలి. అన్నీ బాగానే నేర్చుకున్నాయి గానీ, రోడ్డు మీద ఆర్టీసీ బస్సు హారన్ కొట్టినా అవి దాని మాట కూడా వింటున్నాయి.

"బండి ఆపు. బొట్టు కథ చెప్పు" అన్నాను.

"యా బొట్టు మ్మా? నా పెండ్లిలో పెట్టిన బొట్టా?"

"అన్నా, నేను నీ గొర్రెను కాను, హారన్ కొట్టి తోలేకి. చెప్తావా, కేసు వెనక్కి తీసుకోమంటావా?"

బండి దిగాడు. దిగడానికి చాలా సేపు పట్టింది. ఆ సేపట్లో నా కోపం కొంత చల్లారింది. వేప చెట్టు కింద కూర్చుని చెప్పాడు.

వాళ్ళ ఊళ్ళో గొర్రెల వ్యాపారి వచ్చే రోజున ఒక పని చేస్తారు. అమ్మదలుచుకోని గొర్రె వీపు మీద ఎర్రమన్ను పూస్తారు. మందలో ఎర్రమన్ను కనిపిస్తే వ్యాపారి దాన్ని ముట్టుకోడు. దీని జోలికి రావద్దు అని దాని అర్థం. తాతల నాటి నుంచి అంతే.

"ఆస్పత్రిలో కాళ్ళు మొద్దుబారిపోతాయి, యా కాలు యాడుండాదో కూడా తెలీదు అని పక్క మంచం ఆయన చెప్పినాడమ్మా. నాకి భయమైంది. మంచి కాలు జోలికి పోతారేమో, గుర్తు పెట్టేద్దామనుకున్యా. ఆస్పత్రిలో ఎర్రమన్ను యాడ తేవాల? మా గంగాదేవి దగ్గర కుంకుమ భరిణె ఉండాది. కొబ్బరి నూనెలో కలిపి ఎడమ మోకాలికి పట్టించమన్యా. పట్టించింది."

అంటే వ్యాపారికి చెప్పినట్టే డాక్టరుకూ చెప్పాడు. ఇది వద్దు, అదే తీసుకో అని. ఆసుపత్రి వాళ్ళకేమో గుర్తు అంటే కోయమని. నాకు ఆ ఎండలో నవ్వొచ్చింది. నవ్వి, ఆయన మొహం చూసి ఆపేశాను. హనుమంతప్ప నవ్వడం లేదు.

"ఊర్లో అందరూ నవ్వినారమ్మా. నన్ను చూసి నవ్వితే నాకేమీ లేదు, ఇన్నేండ్లు వాళ్ళను నేను ఏడిపిచ్చినా కదా. కొళాయి కాడ ఆడోళ్ళు గంగాదేవిని అంటాండారు. మొగుని కాలికి బొట్టు పెట్టి కోయిచ్చింది అని. అదేమో నిజమే అనుకుంటాండాది. నేనే పెట్టుకున్యా అని ఊరంతా చెప్పినా. ఒగరూ నమ్మలేదు. నేను చెప్తే ఎవరు నమ్ముతారు?"

వాళ్ళింటికి పోయాం. గంగాదేవి నాకు చాప వేసి, మజ్జిగ ఇచ్చి, గోడ పక్కన నిలబడింది. ఎంత పిలిచినా కూర్చోలేదు. ఇప్పుడు ఏ పేరంటానికీ పోదట. ఎవరికీ తన చేత్తో బొట్టు పెట్టదట. హనుమంతప్ప కుంటుతూ గడప దాటుతుంటే ఆమె ఆ కాలునే చూస్తోంది, వేరే ఏమీ చూడటం లేదు.

"అక్కా, గుర్తు చూసి కోయడం డాక్టరు పని కాదు. కాగితం చూడాలి, మనిషిని అడగాలి. తప్పు ఆయనది" అన్నాను.

"మీరు మా ఆయన లాయరు కదమ్మా. అట్లే చెప్తారు" అంది గంగాదేవి. ఆ మాటలో ఎగతాళి ఏమీ లేదు. "ఈ చేత్తోనే పెట్టినా. పెట్టకుండా ఉండింటే ఆయప్ప ఈ పొద్దు గుట్ట ఎక్కుతా ఉండును."

"పెట్టమన్నది నేను కదే" అన్నాడు హనుమంతప్ప.

"నువ్వు గమ్మునుండు. నువ్వు నిజం చెప్పింది ఎప్పుడు?"

హనుమంతప్ప నా వైపు తిరిగాడు. "పెండ్లి చూపుల్లో నాకి బళ్ళారిలో సొంత సినిమా టెంటు ఉండాదని చెప్పినామ్మా. అది ఇంగా మర్చిపోలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. కోసినవాడు హాయిగా అనంతపురంలో ఇంకో మోకాలు చూసుకుంటున్నాడు. ఇక్కడ కుంకుమ కలిపిన ఆడమనిషి నేరస్థురాలిలా గోడకు ఆనుకుని ఉంది. ఆ క్షణంలో శ్రీకాంత్ దొరికి ఉంటే, ఒక బజ్జీతో వదిలేదాన్ని కాదు.

తర్వాత ఆసుపత్రి వాళ్ళు రాజీకి వచ్చారు. బెంగళూరులో పేరున్న డాక్టరుతో కుడి మోకాలు బాగు చేయిస్తాం, ఖర్చంతా మాదే. ఇందులో ఎవరి తప్పూ లేదు అని ఇరువైపులా సంతకం పెడదాం అన్నారు. నేను నిజాయితీగానే హనుమంతప్పకు చెప్పాను. ఒప్పుకోవడం మంచిది, కాలు బాగవుతుంది, కేసు అయితే ఎటు తిరుగుతుందో చెప్పలేను, ఈలోగా ఆ మోకాలు ఇంకా పాడవుతుంది అని.

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఎవరి తప్పూ లేదు అంటే మా ఇంటిదానికి చాలదమ్మా. ఎవరిదో ఒకరిది అని తేలాల. లేకుంటే మిగిలేది ఆమె ఒగతే."

"కాలు సంగతో?"

"టీవీఎస్ ఉండాది కదా" అన్నాడు.

మొండిమనిషి అని మొహం మీదే తిట్టాను. లోపల మాత్రం ఆ మనిషి మీద నాకు అంతకుముందు లేని గౌరవం కలిగింది. అది ఆయనకు చెప్పలేదు. చెప్పి ఉంటే దాని మీద ఒక కథ అల్లేవాడు.

విచారణ రోజు వచ్చింది. అదృష్టం ఎలాంటిదంటే, మా కమిషన్‌లో జడ్జి స్థానంలో కూర్చునే అధ్యక్షుడు నవ్వగా చూసినవాళ్ళు ఈ జిల్లాలో లేరు. అటెండరు చెప్పే ప్రకారం ఆయన తన కూతురి పెళ్ళి ఫొటోల్లో కూడా వాయిదా వేస్తున్నట్టే ఉన్నాడట. హనుమంతప్ప ఈ మాటను సొంతంగా పరీక్షించదలిచాడు. పేరు అడిగితే, "హనుమంతప్ప సార్. లంకకు ఎగిరేకి పోలేదు, గుట్ట ఎక్కేకే కాలు పోయింది" అన్నాడు. హాల్లో నవ్వులు. అధ్యక్షుడు పేరు రాసుకుని, తండ్రి పేరు అడిగాడు. హనుమంతప్ప నా వైపు చూసి, సంతలో మంచి పొట్టేలు దొరికినవాడిలా తల ఊపాడు. గంగాదేవి వెనక బెంచీలో చివరన, గోడ వైపు కూర్చుంది.

ముందు నర్సు సువార్తను అడిగారు. ఆ అమ్మాయి దాచలేదు. "మోకాలికి కుంకుమ కనిపించింది సార్. కోసే కాలికి పూజ చేసినారేమో అనుకున్నా. మేము చర్చికి పోయేవాళ్ళం. వాళ్ళ దేవుని విషయం నేను అడిగితే బాగుండదని అడగలేదు. ఆ కాలే శుభ్రం చేసి లోపలికి పంపినా" అంది. మర్యాద ఎక్కువై జరిగిన పని అది. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు.

తర్వాత శ్రీకాంత్ లేచాడు. హనుమంతప్పను బొట్టు గురించి అడిగాడు. నేను ముందే చెప్పి ఉంచాను, ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఒక్క పొల్లు మాట వద్దు అని. ఆయన వ్యాపారి సంగతి, ఎర్రమన్ను సంగతి, కుంకుమ సంగతి చెప్పాడు. పెట్టింది భార్యే అనీ, పెట్టమన్నది తానే అనీ చెప్పాడు. హాలంతా మళ్ళీ నవ్వింది. గుమాస్తాలు నవ్వారు, శ్రీకాంత్ నవ్వాడు, వేరే కేసుకు వచ్చిన ఫ్రిజ్ కంపెనీ ఆయన కూడా నవ్వాడు. గంగాదేవి తల ఇంకా కిందికి పోయింది.

"ఇందులో నవ్వేదేముంది?" అన్నాడు అధ్యక్షుడు. నవ్వు ఆగింది.

శ్రీకాంత్ అందుకున్నాడు. ఇది వైద్యానికి సంబంధించిన విషయం కాబట్టి నిపుణుడి అభిప్రాయం తెప్పించాలన్నాడు. అంటే ఇంకో ఏడాది.

"కుడి ఏదో ఎడమ ఏదో చెప్పడానికి నిపుణుడు ఎందుకు?" అని అధ్యక్షుడు నిజంగానే అడిగాడు. అది హాస్యమని ఆయనకు తెలియదు. "డాక్టరు గారు ఇక్కడే ఉన్నారు. ఆయన్నే అడుగుదాం."

డాక్టరు దివాకర్ ముందుకొచ్చాడు. మంచి చొక్కా, అలిసిన కళ్ళు. నేను అనుకున్నంత దుర్మార్గుడిలా లేడు. అది నాకు కొంచెం నిరాశే.

"మీ దగ్గరున్న కేసు షీటులో ఏ కాలని ఉంది?"

"కుడి సార్."

"చూశారా?"

"కాలు సిద్ధం చేసి ఉంది. మళ్ళీ చూడలేదు."

"ఆపరేషన్ సమయంలో మనిషికి మెలకువ ఉందా?"

"ఉంది సార్."

"మాట్లాడే స్థితిలో ఉన్నాడా?"

"మాట్లాడుతూనే ఉన్నాడు సార్. ఏదో కథ చెప్తున్నాడు. జీపుల కథ."

"మీరు విన్నారా?"

"విన్నాను."

"నవ్వారా?"

దివాకర్ శ్రీకాంత్ వైపు చూశాడు. "నవ్వాను సార్."

"ఏ కాలు అని ఆయన్ని అడిగారా?"

శ్రీకాంత్ ఏదో చెప్పబోతే, డాక్టరే చెయ్యి ఎత్తి ఆపాడు. "లేదు సార్. అడగలేదు. అడిగి ఉండాల్సింది."

తీర్పు ఇంకో వాయిదాకు వచ్చింది. అధ్యక్షుడు ఇంగ్లీషులో చదివాడు. కుడి మోకాలికి ఫిర్యాదుదారు కోరుకున్న చోట ఆసుపత్రి తన ఖర్చుతో ఆపరేషన్ చేయించాలి, జరిగిన నష్టానికి పరిహారం కట్టాలి. నేను ఎగిరి గంతేయాల్సింది. కానీ హనుమంతప్ప నా నల్లకోటు అంచు పట్టి లాగుతున్నాడు.

నేను లేచి, "అయ్యా, ఫిర్యాదుదారు భార్య ఇక్కడే ఉన్నారు. తప్పు ఎవరిదో తమరు తెలుగులో ఒక్క మాట చెబితే..." అన్నాను. ఇలాంటివి కోర్టులో అడగరు. శ్రీకాంత్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి వెనక బెంచీ వైపు చూశాడు. గంగాదేవి లేచి నిలబడింది.

"అమ్మా, మీరు బొట్టు పెట్టడంలో తప్పు లేదు. కాగితం చూడకుండా, మనిషిని అడగకుండా కోయడం తప్పు. ఆ తప్పు డాక్టరుది, ఆసుపత్రిది. మీది ఇందులో ఏమీ లేదు" అన్నాడు. మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. తర్వాత ఫ్రిజ్ కేసు పిలిచారు.

బయట వరండాలోకి వచ్చాం. హనుమంతప్ప మొహం వెలిగిపోతోంది. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి నా గుమాస్తా మీద వేసి, "ఇన్యావా? ఆయప్ప మొగం చూసినావా? ఆ మొగం అబద్ధం చెప్తాదా? ఇంగ కొళాయి కాడికి పోయి చెప్పు పో" అన్నాడు.

గంగాదేవి వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. సంతోషపడుతుందని నేను ఎదురు చూశాను. ఏడుస్తుందేమో అని కూడా అనుకున్నాను. ఆమె మొహంలో మెల్లగా ఎక్కుతున్నది కోపం. ఇన్నాళ్ళూ ఆమెలో నేను చూడనిది అదే. లోపల హాలు వైపు చూసింది, డాక్టరు దివాకర్ మెట్లు దిగిపోతుంటే ఆయన వైపు చూసింది, చివరికి మొగుడి వైపు తిరిగింది.

"అయితే, ఇన్ని దినాలు నేను ఏంటికి ఏడ్చినట్టు?"

ప్రతిదానికీ ఒక మాట సిద్ధంగా ఉంచుకునే హనుమంతప్ప ఏదన్నా చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. చట్టం చదువుకున్నదాన్ని కదా, నా దగ్గర ఉంటుందనుకున్నాడు. నేను ఫైలు చంకలో పెట్టుకుని, ఎండలోకి చూస్తూ నిలబడ్డాను.